ఐసీయూ కోవిడ్ డేటాలో వయసు ప్రభావం మాయమవుతోంది, ఎక్కడ తప్పు?

నైట్‌డ్యూటీ: పొద్దుట్నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, తల వాచిపోయింది. ఐసీయూలో చేరిన కోవిడ్ రోగుల డేటా. వయసొక్కటే పెట్టి లాజిస్టిక్ రిగ్రెషన్ (చనిపోయారా, బతికారా అన్నదానికి ఏది ఎంత ముడిపడిందో చూసే లెక్క) చేస్తే మరణంతో గట్టి సంబంధం కనిపిస్తోంది. మిగతావన్నీ కలపగానే ఆడ్స్ రేషియో 1 దగ్గరకొచ్చి ఆగిపోతోంది, అంటే సంబంధం లేనట్టే. వయసు ప్రభావం లేదని రాస్తే ఎవరు నమ్ముతారు? సాఫ్ట్‌వేర్ మార్చి చూశా, అదే ఫలితం. రేపే గైడ్‌కి చూపించాలి.

లెక్కలపద్దు: మిగతావన్నీ అంటే ఏవేవి?

నైట్‌డ్యూటీ: మామూలువే అండీ. షుగరు, బీపీ, కిడ్నీల పనితీరుకి క్రియాటినిన్, రక్తంలో ఆక్సిజన్‌కి పీఎఫ్ రేషియో, జబ్బు తీవ్రతకి అపాచీ 2 స్కోరు.

లెక్కలపద్దు: అపాచీ 2 లోపలే వయసుంది. తీసెయ్యండి.

ఊపిరి: కాస్త విడమరిచి చెబుతాను. అపాచీ 2లో 44 ఏళ్ల వరకు 0, 45–54కి 2, 55–64కి 3, 65–74కి 5, 75, ఆపైన 6 పాయింట్లు. మీరు వయసును విడిగా పెట్టి, స్కోరులో మళ్లీ పెట్టారు. క్రియాటినిన్, ఆక్సిజనేషన్ కూడా అందులో ఉన్నవే, అవీ రెండుసార్లు పడ్డాయి. వయసు పాయింట్లు తీసేసి మిగతా స్కోరు వాడండి, లేదా సోఫా అనే అవయవాల స్కోరు పెట్టండి. సోఫాలో ఆరు అవయవ వ్యవస్థలకు 0–4 చొప్పున మొత్తం 24, వయసు లేదు. చేరిన మొదటి 24 గంటల విలువలే తీసుకోండి. సోఫాలో లివర్‌కి చూసే బిలిరుబిన్ పరీక్ష చేయించని రోగికి 0 వేసేస్తే స్కోరు తప్పుగా తగ్గుతుంది, ఎంతమందికి లేదో ముందు లెక్కపెట్టండి.

ఇంకోటి. వయసును 65 దగ్గర రెండు ముక్కలు చెయ్యకండి. 64, 66 వేరైపోతాయి, 66, 88 ఒకటైపోతాయి. ఏళ్లలోనే ఉంచి, నాలుగు నాట్స్ (వంపు మారే చోట్లు) పెట్టి స్ప్లైన్ అనే వంపుగీత వెయ్యండి. ఆడ్స్ రేషియో ఏడాదికి 1.05 అంటే చిన్నదనిపిస్తుంది గానీ పదేళ్లకు 1.63.

పెద్దలవైద్యం: అందరూ వయసు వయసు అంటారు గానీ అసలు చూడాల్సింది ఫ్రెయిల్టీ, అంటే ఒంట్లో సత్తువ ఎంత తగ్గిందన్నది! క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ 1 నుంచి 9 వరకు. మంచం మీద ఇప్పుడెలా ఉన్నారన్నది కాదు, జబ్బు చెయ్యడానికి రెండు వారాల ముందు ఎలా ఉండేవారో ఇంట్లోవాళ్లనడిగి వెయ్యాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. 2020 మార్చిలో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్ ఇచ్చిన మార్గదర్శకం దీన్ని వాడమంది, కొద్దిరోజుల్లోనే 65 లోపువారికీ, నిలకడైన దీర్ఘకాల వైకల్యం ఉన్నవారికీ వాడొద్దని సవరించింది.

ఊపిరి: ఒప్పుకుంటానండీ, కానీ వయసును పక్కన పెట్టలేం. వెంటిలేటర్ అవసరమైన కోవిడ్ న్యుమోనియా రోగుల మీద 2021లో వచ్చిన విశ్లేషణలో మరణాన్ని ముందే పట్టడంలో సోఫా ఏయూసీ (0.5 అంటే బొమ్మాబొరుసే, 1 అంటే తప్పే లేదు) 0.59, వయసొక్కటే 0.66. మొదట్లో దెబ్బ ఊపిరితిత్తులకే కాబట్టి సోఫాలో తేడా పెద్దగా పలకదు.

లెక్కలపద్దు: అది ప్రెడిక్షన్, ఎవరు చనిపోతారో ముందే అంచనా వెయ్యడం. ఇక్కడ అడిగింది వయసు ప్రభావం.

పెద్దలవైద్యం: ప్రభావమే అయితే షుగరు, బీపీ ఎందుకు కలిపారు? అవి వయసుతో పాటు వచ్చేవే కదా. కలిపితే వయసు చేసే పనిలో కొంత వాటి ఖాతాలోకి పోతుంది.

లెక్కలపద్దు: అవును. మొత్తం ప్రభావం కావాలంటే కలపకూడదు. ప్రశ్న ముందు, మోడల్ తర్వాత.

నైట్‌డ్యూటీ: అయితే మరణాల రేటు పట్టికలో ఏం రాయాలి?

లెక్కలపద్దు: రేటు అనకండి. రేటుకి కింద కాలం ఉండాలి. మీది చేరినవారిలో చనిపోయినవారి నిష్పత్తి. 28 రోజులదా, ఆసుపత్రిలో ఉన్నంతకాలందా?

ఊపిరి: వాడుకలో రేటే అంటున్నారు కదండీ.

లెక్కలపద్దు: వాడుక తప్పు. ఇంకా ఐసీయూలోనే ఉన్నవాళ్లను, వేరే ఆసుపత్రికి పంపినవాళ్లను బతికినట్టు రాశారా? పెద్దవాళ్లలో వెంటిలేటర్ ట్యూబ్ వెయ్యొద్దని కేస్ షీట్‌లో రాసి ఉన్నవాళ్లు ఎంతమంది? ఐసీయూకే రానివ్వని పెద్దవాళ్లు మీ డేటాలో ఉండరు. వచ్చినవాళ్లు ఆ వయసుకి గట్టివాళ్లు. అందుకని వయసు ప్రభావం ఉన్నదానికన్నా తక్కువ కనిపించొచ్చు.

నైట్‌డ్యూటీ: అపాచీ తీసి సోఫా పెట్టా, వయసు తిరిగొచ్చింది. థాంక్సండీ. పంపేసినవాళ్ల సంగతి రిజిస్టర్ చూసి చెప్తా.

పెద్దలవైద్యం: ఫ్రెయిల్టీ కూడా రాసి ఉంటే చూడండి మరి.