వర్ధంతికి ఊరంతటికీ భోజనాలా, వీధిలో రోగికి సాయమా?

గోదావరి_బిడ్డ:
నవంబర్ 2 మా కథోలికుల సమాధుల పండుగ. ఆ వారంలోనే నాన్నగారి మొదటి వర్ధంతి. సమాధికి గ్రానైట్ వేయించి, గుడిలో పూజ (దివ్యబలి) అయ్యాక ఊరందరికీ బిర్యానీ పెట్టాలని అన్నయ్య పట్టు. మా వీధిలో ఒకాయన డయాలసిస్‌కి వెళ్లడానికి ఆటో డబ్బులకే అవస్థ పడుతున్నారు. ఒక పూజ చెప్పించి, మిగతా డబ్బు ఆయనకిస్తే చాలదా? "నాన్నని తక్కువ చేస్తావా" అంటాడు అన్నయ్య.

పాత_జపమాల:
అన్నయ్యని తప్పుపట్టకమ్మా. భోజనాలు ఉంటేనే చుట్టాలు వస్తారు, మీ అమ్మ దగ్గర ఒక పూట కూర్చుంటారు. ప్రభువు ప్రేమించమన్న పొరుగువారిలో ఆమె కూడా ఉంది కదా!

వాక్యమే_వెలుగు:
నేను కథోలికుణ్ణి కాను. మనిషి ఒక్కసారే చనిపోవాలి, ఆ తర్వాత తీర్పు (హెబ్రీ 9:27). ఇక పూజ ఎందుకు, గ్రానైట్ ఎందుకు? బతికున్న మనిషికి ఇవ్వండి.

ఊరి_ఉపదేశి:
తమ్ముడూ, మీ ప్రొటెస్టెంట్ బైబిల్‌లోని 66 పుస్తకాల్లో మక్కబీయుల గ్రంథం లేదు కాబట్టి ఈ వాదన ఇప్పట్లో తెగదు. మా బైబిల్లో రెండో మక్కబీయులు 12లో యూదా అనే సేనాని, యుద్ధంలో పోయిన తనవాళ్ల పాపపరిహార బలికి చందా పోగుచేసి యెరూషలేముకు పంపాడు. చనిపోయినవాళ్లు మాకు పొరుగువారు కాకుండా పోరు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, మృతుల కోసం ప్రార్థించడం రెండూ మా శ్రీసభ (కథోలిక సంఘం) చేయమనే కరుణ క్రియల్లో ఉన్నాయి.

చెల్లెమ్మా, పునీత మోనికమ్మ భర్త పక్కనే సమాధి కావాలని ముందే చోటు చూసుకుంది. తీరా 387లో సొంతూరికి దూరంగా ఇటలీలోని ఓస్తియాలో ప్రాణం పోయేటప్పుడు, శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, ప్రభువు పీఠం దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అని కొడుకులను అడిగింది. ఆ కొడుకుల్లో ఒకరు పునీత అగుస్తీను. గ్రానైట్ గురించి నేను ఇంకేం చెప్పను!

మృతుల కోసం దానధర్మాలు చేయమని మా బోధనల గ్రంథం సత్యోపదేశమే (1032వ అంశం) చెబుతోంది. కాబట్టి ఆ రోగికిచ్చేది నాన్నగారి కోసం ఇచ్చినట్టే. కానీ "ఒక పూజ చెప్పించి" అని ఖర్చు తగ్గించే దారిలా అన్నారే, అది నచ్చలేదు. పూజ కానుక ఫీజు కాదు. కానుక ఇవ్వలేని పేదల కోసం కూడా పూజ చేయాలని శ్రీసభ చట్టం (945) గురువులను గట్టిగా కోరుతుంది. నవంబర్ 1 నుంచి 8 లోపు సమాధుల తోటకి వెళ్లి ప్రార్థించండి. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) స్వీకరించడం, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థనతో కలిపితే పరిపూర్ణ దండవిమోచన, అంటే పాపాలకు ఇంకా మిగిలిన శిక్ష పూర్తిగా తొలగడం, మృతులకే చెందుతుంది. పైసా ఖర్చు లేదు, వెళ్లాల్సింది మాత్రం మీరే.

పెద్దకొడుకు:
ఉపదేశిగారూ, చెప్పడం తేలికే. వాళ్ల నాన్న పేరు చెప్పి ఇస్తే ఆ రోగి ఇంటివాళ్లకి చిన్నతనం. చెప్పకుండా ఇస్తే పోయిన పెద్దాయన్ని ఊళ్లో ఎవరు తలుచుకుంటారు?

ఊరి_ఉపదేశి:
కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు. ఊరు తలుచుకోకపోతే నాన్నగారికి పోయేదేముంది బాబూ?

పాత_జపమాల:
మీకేం, అంటారు. "పెద్దాయన పోతే పిల్లలు పట్టెడన్నం పెట్టలేదు" అని వీధిలో అనిపించుకునేది వాళ్లమ్మ.

గోదావరి_బిడ్డ:
ఇదంతా అన్నయ్యకి చదివి వినిపించాను. గ్రానైట్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాడట, వెనక్కి రాదు. భోజనాల సంగతి అమ్మ చెప్పినట్టు చేద్దామన్నాడు. అమ్మ ఇంకా ఏమీ అనలేదు.