ఏథెన్స్‌లో ఒక్క పగలు: ఓడ దిగి మళ్ళీ ఎక్కేలోపు ఏం చూడొచ్చు?

కాఫీకప్పు:

అందరికీ నమస్కారం. జూన్ చివర్లో క్రూజ్‌కి వెళ్తున్నాం. ఏడు రాత్రుల ప్రయాణంలో ఏథెన్స్‌కి దక్కింది ఒక్క పగలు. ఓడ ఉదయం 7కి పిరేయస్ రేవులో ఆగుతుంది, సాయంత్రం 6కి కదులుతుంది. 5:30 కల్లా అందరూ లోపల ఉండాలట. నేను, మావారు, పదకొండేళ్ళ మా అబ్బాయి, మా అమ్మ. అమ్మకి 68, మోకాళ్ళు అరిగాయి. చదును నేల మీద మెల్లగా ఎంతసేపైనా నడుస్తుంది, మెట్లు చూస్తేనే ఆగిపోతుంది.

మావారు ఓ కాగితం మీద జాబితా రాశారు: అక్రోపోలిస్ (పాత గుళ్ళున్న కొండ), దాని మ్యూజియం, పాత అగోరా (పూర్వం సంతలు, సభలు జరిగిన చోటు), గ్రీకు దేవుళ్ళ రాజు జ్యూస్ గుడి, సింటగ్మా కూడలి దగ్గర గార్డులు మారడం, 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియం, ప్లాకా వీధులు, మొనాస్తిరాకి అంగళ్ళు, లికావిటోస్ కొండ మీంచి సూర్యాస్తమయం. సూర్యాస్తమయం వేళకి మనం సముద్రం మధ్యలో ఉంటామని చెప్తే, దాన్ని కొట్టేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అదెందుకో అడగలేదు.

ఓడవాళ్ళ టూర్ తీసుకోవాలా, మేమే వెళ్ళొచ్చా? అమ్మని అక్రోపోలిస్ కొండ ఎక్కించొచ్చా? అమ్మ మాంసం, చేపలు, గుడ్లు ముట్టదు. మావాడికి గ్రీకు దేవుళ్ళ పిచ్చి, ఎవరు ఎవరి కొడుకో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.


ఇంజన్‌రూమ్ ఆసామి:

జాబితా చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. నేను క్రూజ్ ఓడల్లో ఇంజన్ విభాగంలో చేస్తాను. సీజన్లో పిరేయస్ మాకు ఇంచుమించు బస్టాండు లాంటిది. అన్నిసార్లు వెళ్ళినా ఊరు సరిగ్గా చూసింది నాలుగైదుసార్లే.

ముందు లెక్క. చాలామంది ఓడ దిగిన టైం నుంచి ముందుకి లెక్కేస్తారు. మీరు ఎక్కాల్సిన టైం నుంచి వెనక్కి లెక్కేయండి. 5:30కి లోపలుండాలంటే 4:30కి రేవు గేటు దగ్గర ఉండాలి. అంటే 3:30కి ఊళ్ళోంచి బయల్దేరాలి. ఇటు పొద్దున 7కి ఓడ ఆగినా, తాళ్ళు కట్టి, కాగితాలు అయ్యి, టూర్ వాళ్ళని ముందు దించి, మీ వంతు వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. రేవులోంచి బయటపడి కొండ కిందకి చేరేసరికి 9. కాబట్టి మీ చేతిలో ఉన్నది పదకొండు గంటలు కాదు, ఆరున్నర. అందులో భోజనానికి గంట. ఇంకోటి, ఓడ గడియారం ఏం చూపిస్తే అదే మీ గడియారం. ఫోన్ ఒడ్డు టైంకి మారిపోవచ్చు, దాన్ని నమ్ముకోకండి.

ఈ లెక్క ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, ఒకసారి మధ్యాహ్నం సెలవు దొరికితే మొనాస్తిరాకిలో తోలు చెప్పులు బేరమాడుతూ కూర్చున్నాను. తీరా స్టేషన్‌కి వస్తే షట్టర్ దించేసి ఉంది, దాని మీద గ్రీకులో ఏదో కాగితం. మెట్రో సమ్మె. టాక్సీల కోసం నాలాంటివాళ్ళు వీధి నిండా ఉన్నారు. ఎలాగో ఒకటి దొరికి రేవు గేటు దగ్గర దిగితే మా ఓడ పొగగొట్టం కనిపిస్తోంది, ఓడ మాత్రం ఇంకా చాలా దూరం. పిరేయస్ చాలా పెద్ద రేవు, గేటు చేరితే ఓడ చేరినట్టు కాదు. కొత్త చెప్పులు చంకలో పెట్టుకుని పరిగెత్తాను. చీఫ్ ఏమీ అనలేదు, ఒక్కసారి గడియారం వంక చూశాడు. ఆ చూపు చాలు. కాబట్టి ముందు రోజు రాత్రే సమ్మె ఉందేమో కనుక్కోండి, అక్కడ మామూలే.

టూరా, సొంతంగానా అంటే: ఓడవాళ్ళ టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే వెళ్ళాలి. రోమ్‌లో అయితే టూరే తీసుకోమంటాను, అక్కడ రేవు నుంచి ఊరికి రైల్లోనే గంట. పిరేయస్ నుంచి ఏథెన్స్ నడిబొడ్డు పది కిలోమీటర్లే. సొంతంగా వెళ్ళండి.

ఎలా అంటే, రెండు మెట్రో లైన్లు ఉన్నాయి. ఆకుపచ్చది 1869లో ఆవిరి రైలుగా మొదలైన పాత దారి, తిస్సియో మీదుగా మొనాస్తిరాకి వెళ్తుంది. నాకు అదే ఇష్టం, నేల మీద పోతుంది, ఇళ్ళ వెనక ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. కానీ మీ అమ్మగారికి నీలం లైన్ మేలు. 2022లో పిరేయస్ దాకా పొడిగించారు, కొత్త స్టేషన్లు, లిఫ్టులు ఉంటాయి. సింటగ్మాలో దిగి ఎర్ర లైన్ మారితే ఒక్క స్టాపు, అక్రోపోలి. పైకి వస్తే మ్యూజియం ఎదురుగా ఉంటుంది. టికెట్ 1.20 యూరోలు, 90 నిమిషాలు చెల్లుతుంది. రేవు నుంచి స్టేషన్ దాకా మాత్రం అమ్మగారిని నడిపించకండి, టాక్సీ ఎక్కండి. రైల్లో పర్సు ముందు జేబులో పెట్టుకోండి.

కొండ టికెట్ ఇప్పుడే ఆన్‌లైన్లో తీసుకోండి. పెద్దవాళ్ళకి 30 యూరోలు, గంటలవారీ స్లాట్లు, రోజుకి 20,000 మందికే అనుమతి. మీకు 9 గంటల స్లాట్. దానికంటే ఆలస్యం వద్దు. ఆ కొండ మీద నీడనిచ్చే చెట్టు లేదు, తెల్ల రాయి కింద నుంచి కూడా వేడి కొడుతుంది. వడగాడ్పుల రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా మూసేసిన సందర్భాలున్నాయి. మధ్యాహ్నం స్లాట్ కొనుక్కుని గేటు బయట నిలబడ్డవాళ్ళని చూశాను.

పైకి వెళ్ళాక పార్థెనాన్ గుడి ముందు సెల్ఫీ దిగి వచ్చేయకండి. రాళ్ళలో రెండు రంగులు చూడండి, తేనె రంగు పాతది, తెల్లగా ఉన్నది ఇప్పుడు అతికించింది. నా వృత్తి కాబట్టి చెప్తున్నాను, ఆ గుడిది అసలు తుప్పు కథ. క్రీ.పూ. 447లో కట్టడం మొదలుపెట్టినవాళ్ళు రాతికీ రాతికీ ఇనుప బద్దలు వేసి, చుట్టూ సీసం పోశారు. సీసం ఉన్నంతకాలం గాలీ తేమా తగలవు, ఇనుము తుప్పు పట్టదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాగుచేసినవాళ్ళు ఉత్త ఇనుము దిగ్గొట్టారు. అది తుప్పు పట్టి ఉబ్బి పాలరాతిని పగలగొట్టింది. ఇప్పుడు ఆ ఇనుమంతా తీసేసి టైటానియం వేస్తున్నారు. దాదాపు రెండున్నర వేల ఏళ్ళ క్రితంవాళ్ళు ఏమరుపాటుగా కూడా చెయ్యని తప్పు మన కాలంవాళ్ళు చేశారు. మా ఓడ మీద కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ ఈ కథ చెప్తాను.

తిండి సంగతి. "నిస్తీసిమో" అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఉపవాసపు వంట అని. మాంసం, గుడ్లు, పాలు లేని వంటకాలు వస్తాయి. కానీ ఆ ఉపవాసంలో రొయ్యలూ ఆక్టోపస్సూ చెల్లుతాయి, అది కనుక్కునే తినమనండి. గెమిస్తా అని టమాటాల్లో, బెంగుళూరు మిరపల్లో అన్నం కూరి బేక్ చేస్తారు, ముక్క మాంసం లేనిది అడిగితే దొరుకుతుంది. ఇంకో మాట, అక్కడ "నే" అంటే అవును. మీరు వద్దు వద్దంటుంటే వాళ్ళు "నే నే" అని వడ్డించేస్తారు.


మందార:

మా అత్తయ్యగారిని తీసుకెళ్ళాను కాబట్టి మోకాళ్ళ సంగతి నేను చెప్తాను. కొండకి లిఫ్ట్ ఉంది, 2020 చివర్లో కొత్తది పెట్టారు. అది వీల్‌చెయిర్ వాళ్ళకీ, నడవలేనివాళ్ళకీ. మోకాళ్ళ నొప్పి అనగానే ఎక్కిస్తారని ఆశపెట్టుకోకండి, ముందే మెయిల్ రాసి అడగండి. మెట్లకంటే నాకు భయమేసింది రాయి. వేలమంది కాళ్ళు రాసుకుని అద్దంలా నునుపుదేరింది. మా అత్తయ్యగారు పై ద్వారం దగ్గర జర్రున జారి, పక్కనున్న ఎవరో పెద్దాయన చొక్కా పట్టుకున్నారు. ఆయన చొక్కా గుండీ ఊడింది, ఆవిడ పడలేదు. అరిగిన చెప్పులు వేసుకెళ్ళకండి, రబ్బరు అట్ట ఉన్న బూట్లే.

నన్నడిగితే మీరూ అమ్మా మ్యూజియంలో ఉండండి, మీవారూ బాబూ కొండెక్కి రానివ్వండి. మ్యూజియం 9కి తెరుస్తారు, టికెట్ వేరు. లోపల ఏసీ, కూర్చోడానికి బల్లలు, లిఫ్టులు. ఎంట్రన్స్‌లో నేల అద్దంతో చేశారు, కింద తవ్వకాల్లో బయటపడ్డ పాత పేట కనిపిస్తుంది. మా అత్తయ్యగారు అద్దం మీద కాలు పెట్టనని గోడవారగా నడిచారు.

మొదటి అంతస్తులో కారియాటిడ్స్ అని, స్తంభాలకి బదులు తల మీద కప్పు మోసే ఆడవాళ్ళు ఉంటారు. కొండ మీద కనిపించేవి నకళ్ళు, అసలువి ఇవి. అందరూ ముందునుంచి ఫోటో తీసి వెళ్ళిపోతారు. మీరు వెనక్కి వెళ్ళండి. ముఖాలు అరిగిపోయాయి గానీ వీపు వైపు జడలు అలాగే ఉన్నాయి. లావుపాటి జడలు, పాయ పాయా లెక్కపెట్టొచ్చు. ఒకరి జడలాగా ఇంకొకరిది లేదు. అంత బరువు మోసే తలకి మెడ సన్నగా చెక్కితే విరుగుతుంది కదా, ఆ లావు జుట్టు మెడకి దన్ను. మా అత్తయ్యగారు అరగంట అక్కడే నిలబడి "ఈ పిల్లది మూడు పాయలు కాదే" అంటూ వేళ్ళతో గాల్లో అల్లి చూసుకున్నారు. ఐదుగురే ఉంటారు, ఆరో ఆవిడ లండన్‌లో ఉంది. ఆవిడ చోటు అలా ఖాళీగా వదిలేశారు.


రాతిపిచ్చి:

అందరూ కొండ కొండ అంటారు. కొండ కింద పాత అగోరా చూడకుండా వస్తే ఏథెన్స్ చూసినట్టా? హెఫైస్టస్ గుడి దాదాపు చెక్కుచెదరలేదు, జనం తక్కువ, చెట్ల నీడ. పిల్లాడికి కొలిమి దేవుడి గుడి చూపించండి, మొత్తుకుంటాడు సంతోషంతో. అక్కడి పొడుగాటి స్తంభాల వసారా 1950లలో తిరిగి కట్టింది, కొత్తదని చిన్నచూపు చూడకండి. పాత కట్టడం నిండుగా ఉంటే ఎలా ఉండేదో కళ్ళకి కట్టేది అదొక్కటే. స్టేడియం, లికావిటోస్, జ్యూస్ గుడి కొట్టేయండి. జ్యూస్ గుడిలో 104 స్తంభాలకి 15 నిలబడ్డాయి, ఒకటి 1852 గాలివానకి పడి అలాగే పరుచుకుని ఉంది. రోడ్డు మీంచి కంచెలోంచి కనిపిస్తుంది, చాలు.


కాఫీకప్పు:

ముగ్గురికీ థాంక్సండీ. మావారికి చదివి వినిపించాను. తొమ్మిదింట్లో నాలుగు మిగిలాయి. ఒక్క సందేహం: క్రూజ్ మధ్యలో టర్కీ రేవు ఒకటి ఉంది. వీసాకి ఏమైనా ఇబ్బందా?


ఇంజన్‌రూమ్ ఆసామి:

ఉంది. టర్కీ షెంగెన్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో, లేదు. గ్రీస్ నుంచి టర్కీ వెళ్ళి మళ్ళీ గ్రీస్‌లో దిగితే రెండో ప్రవేశం కింద లెక్క. మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ వీసా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. టర్కీ వైపు నియమం ఏమిటో మీ క్రూజ్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో కాదు.


కాఫీకప్పు:

వెళ్ళొచ్చాం. ఎలా జరిగిందో చెప్తున్నాను. వీసా మల్టిపులే, ఊపిరి పీల్చుకున్నాం.

9 స్లాట్‌కి మావారూ, మావాడూ ఎక్కారు. దిగి వచ్చేసరికి ఇద్దరి ముఖాలూ ఎర్రగా కందిపోయాయి. మావాడు దేవుళ్ళ గురించి చెప్తాడనుకుంటే 1687 గురించి మొదలుపెట్టాడు. తుర్కులు గుళ్ళో మందుగుండు దాచడం, వెనిస్ వాళ్ళు ఫిరంగి పేల్చడం, కప్పు ఎగిరిపోవడం. "రెండు వేల ఏళ్ళు నిలబడి, ఒక్క రోజులో పోయిందమ్మా" అని మూడుసార్లు చెప్పాడు. తుప్పు కథ కూడా అక్కడి ఎవరో టూరిస్టుకి అప్పజెప్పాడట, ఆసామి గారు గర్వపడొచ్చు.

అమ్మ జడల దగ్గర నుంచి కదల్లేదు. పై అంతస్తులో గోడ పొడుగునా గుర్రాల ఊరేగింపు ఉంది కదా, అందులో తేనె రంగు పలకలు అసలువి, సున్నంలా తెల్లగా ఉన్నవి లండన్‌లో ఉన్నవాటి నకళ్ళు. అమ్మ "ఇంత తెలుపుందేమే" అంది. మ్యూజియంలో లెగో ముక్కలతో కట్టిన అక్రోపోలిస్ ఉందని మీరెవరూ చెప్పలేదేం? మావాణ్ణి అక్కణ్ణుంచి లాక్కురావడానికి పావుగంట పట్టింది.

గెమిస్తా తిన్నాం. అమ్మ రెండు తిని, కారం పొడి ఉంటే బాగుండేదంది. వడ్డించినాయన "నే నే" అంటూ మూడోది పెట్టేశాడు. అగోరాకి టైం లేదు. తిస్సియో దారిలో కంచె పక్కన నిలబడి హెఫైస్టస్ గుడి చూపించాను, రాతిపిచ్చి గారు క్షమించాలి.


ఇంజన్‌రూమ్ ఆసామి:

అదంతా సరే. ఎన్నింటికి ఓడెక్కారు?


కాఫీకప్పు:

నాలుగూ పదికి. 5:40కి ఒక జంట సంచులు పట్టుకుని రేవు వెంట పరిగెత్తుకొచ్చారు. పై డెక్ మీద అందరూ రెయిలింగ్ దగ్గర చేరి ఈలలు, చప్పట్లు. ఆవిడ చేతిలో తోలు చెప్పులున్నాయి.