ఆర్నెల్లు కూడా కాలేదు, ఫ్రేమ్‌వర్క్ మార్చమంటావా? కొత్తవాళ్ల సలహాలు పనికొస్తాయా, రావా

కావలి_ఫైనలియర్

అందరికీ నమస్కారం. కావలిలో బీటెక్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో ఈ మధ్యే మొదలుపెట్టాను. నేర్చుకుంటూ ఎక్కడెక్కడ ఇరుక్కుపోయానో రాసి పెట్టుకున్నాను. వాటిలో మూడు నేరుగా జాంగో వాళ్లకే పంపుదామని ఉంది.

ఒకటి, స్టార్ట్‌ప్రాజెక్ట్ కమాండ్ కొడితే మైసైట్ ఫోల్డర్ వస్తుంది, దాని లోపల మళ్లీ మైసైట్. కమాండ్లు నడిపే మేనేజ్.పీవై ఫైలు ఎందులో ఉంది, సెట్టింగ్స్ ఎందులో ఉన్నాయి అని తడుముకోవడమే సరిపోతుంది. రెండు, కొత్త యాప్ (ప్రాజెక్టులో ఒక భాగం) చేసి, మోడల్ (డేటాబేస్ టేబుల్‌కి రూపం) రాసి, దాన్ని సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చేర్చకపోతే, డేటాబేస్ మార్పుల ఫైళ్లు తయారుచేసే మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ "నో చేంజెస్ డిటెక్టెడ్" అంటుంది. మోడల్ నా కళ్లెదుటే ఉంది, అదేమో మార్పే లేదంటుంది. మూడు, లాగిన్‌కి యూజర్‌నేమ్ ఎందుకు? ఈమెయిల్‌తో లాగిన్ అవడం డిఫాల్ట్‌గా ఉండాలి.

తెలిసిన సీనియర్ ఒకాయనకి చూపిస్తే, "ఆర్నెల్లు కూడా కాలేదు, అప్పుడే ఫ్రేమ్‌వర్క్‌కి సలహాలా? ముందు నేర్చుకో" అన్నాడు. నా అనుమానం ఏంటంటే, బాగా నేర్చుకున్నాక ఇవి ఇబ్బందులని నాకే గుర్తుంటుందా? మీరేమంటారు?

మాగుంట_లేఅవుట్_రిమోట్

మీ సీనియర్ మాట కటువుగానే ఉంది కానీ అందులో విషయం ఉంది తమ్ముడూ.

జాంగో 2005 నుంచి జనం వాడుతున్నది. నీకు అడ్డంగా కనపడే ప్రతి డిఫాల్ట్ మీదా ఎక్కడో ఎవరిదో ప్రాజెక్టు నడుస్తూ ఉంటుంది. ఒక చిన్న మార్పుకి ఎంత ఖర్చవుతుందో లాగౌట్ సంగతి చూస్తే తెలుస్తుంది. మామూలు లింకు నొక్కితే, అంటే గెట్ రిక్వెస్టుతో, లాగౌట్ అయ్యేది. వేరే సైటు వాడు తన పేజీలో ఒక బొమ్మ లింకు పెట్టి మన యూజర్ని బయటికి పంపేయగలడు కాబట్టి దాన్ని ఆపాలనుకున్నారు. 2022లో వచ్చిన 4.1లో హెచ్చరిక పెట్టారు, 2023 డిసెంబరులో 5.0 వచ్చినప్పుడు తీసేశారు. అంత టైం ఇచ్చినా పాత వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకి ఇప్పటికీ 405 ఎర్రర్ (ఈ రకం రిక్వెస్టు కుదరదని) వస్తూనే ఉంది. భద్రత కోసం చేసిన మార్పుకే ఇంత గోల ఉంటే, "నాకు సౌకర్యంగా లేదు" అన్నదానికి ఎంత ఉండాలి?

ఇంకోటి కూడా చెప్తా, కోపమొచ్చినా సరే. ఓపెన్ సోర్స్‌కి సాయం చేసినవాళ్లకి టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో ఆ టీషర్టు కోసం పనికిమాలిన పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో మార్పు చేర్చమని పంపేవి) వరదలా వచ్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే అది వర్తించేలా ఆ నెలలోనే నియమం మార్చాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ (అదీ వెబ్ ఫ్రేమ్‌వర్కే) రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) సొంత పేర్లు రాస్తూ వరసబెట్టి పుల్ రిక్వెస్టులు. ఏదో వీడియోలో చూసిన పాఠాన్ని నిజం రిపాజిటరీ మీదే ప్రాక్టీసు చేశారు. చేసినవాళ్లలో మన దేశపు విద్యార్థులే ఎక్కువ. ఇప్పుడైతే చాట్‌బాట్ రాసిచ్చిన సలహాలు కూడా తోడయ్యాయి. అవన్నీ ఎవరో కూర్చుని చదవాలి కదా. జాంగోలో జీతానికి పనిచేసే ఫెలోలు కొద్దిమందే, మిగతావాళ్లంతా తీరిక వేళల్లో ఉచితంగా చేసేవాళ్లు.

ల్యాబ్_మేడం_ఒంగోలు

మాగుంట గారూ, రీడ్‌మీలో పేరు రాసినవాళ్లనీ, ఇరుక్కున్న చోట్లు రాసి పెట్టుకుని "పంపొచ్చా" అని అడుగుతున్న పిల్లాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కీ నేను చూసేది ఇదే. ఏ ఊరి నుంచి వచ్చినవాళ్లైనా, తెలుగు మీడియమైనా ఇంగ్లీషు మీడియమైనా, పడేది ఆ రెండు మూడు చోట్లే. వాళ్ల తెలివి తక్కువై కాదు. గడప తగిలేది కొత్తగా వచ్చిన చుట్టానికే, ఇంట్లోవాళ్ల కాళ్లకి అది ఎప్పుడో అలవాటైపోయి ఉంటుంది. మీరు జాంగో మొదటిసారి ఎక్కించుకున్నప్పుడు ఏం తగిలిందో ఇప్పుడు చెప్పగలరా?

పైగా ఈ అబ్బాయి చెప్పిన మొదటి విషయానికి చరిత్ర ఉంది. ఇప్పుడున్న రెండు ఫోల్డర్ల ఏర్పాటు మొదటినుంచీ లేదు. 2012లో 1.4 వచ్చేదాకా మేనేజ్.పీవై, సెట్టింగ్స్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండేవి. దానివల్ల ఒకే కోడ్‌ని రెండు పేర్లతో ఇంపోర్ట్ చేసుకునే వీలుండేది. సొంత మెషిన్ మీద పనిచేసినది సర్వర్ మీదికి వెళ్లాక పడిపోయేది. ఆ అవస్థ పోగొట్టడానికే మార్చారు. అంటే ఇవాళ మనం కాపాడుకోవాలంటున్న డిఫాల్ట్ కూడా ఒకప్పుడు వాడుకరి ఇబ్బంది నుంచి పుట్టినదే.

యూఆర్ఎల్స్ సంగతీ అంతే. ఒకప్పుడు ప్రతి యూఆర్ఎల్‌కీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రెజెక్స్, అంటే అక్షరాల నమూనా చెప్పే గుర్తుల వరస) రాయాలి. టోపీ గుర్తు, డాలర్ గుర్తు ఎందుకో తెలియకుండానే పిల్లలు కాపీ కొట్టేవాళ్లు. 2017 డిసెంబరులో 2.0 వచ్చి పాత్ ఫంక్షన్ ఇచ్చాక ఆ బాధ పోయింది. రెజెక్స్ కావాలనుకునేవాళ్లకి రీ_పాత్ ఉంచారు. పాత యూఆర్ఎల్ ఫంక్షన్‌ని 2021 డిసెంబరులో 4.0 దాకా తీసేయలేదు. ఎవరి ప్రాజెక్టూ రాత్రికి రాత్రి కూలిపోలేదు. ఓపికగా చేస్తే సౌకర్యం కోసం కూడా మార్చవచ్చు.

మాగుంట_లేఅవుట్_రిమోట్

మేడం, పాత్ ఫంక్షన్ మార్పుని చేసింది కొత్తవాళ్లు కాదు. అనుభవం ఉన్నవాళ్లు దానికి పూర్తి ప్రతిపాదన రాసి, చర్చించి, టెస్టులతో సహా తెచ్చారు. నొప్పి కొత్తవాళ్లది కావచ్చు, మందు మాత్రం వాళ్లు రాసింది కాదు. నా వాదన అంతా అదే.

రెండు ఫోల్డర్ల విషయంలోనూ చివరికి ఏం చేశారో చూడండి. ఇప్పటి ట్యుటోరియల్‌లో బయటి ఫోల్డర్‌కి జాంగో‌ట్యుటోరియల్ అని వేరే పేరు పెట్టించి, దాని లోపల మైసైట్ చేయిస్తున్నారు. కమాండ్‌ని ముట్టుకోలేదు, పాఠం మాత్రం మార్చారు. చివర ఒక చుక్క పెడితే ఉన్న ఫోల్డర్‌లోనే ప్రాజెక్టు వస్తుందన్నది ఎప్పటినుంచో ఉన్నదే.

రొయ్యల_లెక్కలు

ఏందన్నా ఇద్దరూ స్టార్ట్‌ప్రాజెక్ట్ దగ్గరే ఆగిపోయారు. నా బాధ వేరే.

మేము ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువులోళ్లకి మేత, పట్టుబడి లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. కొత్తగా చేరిన కుర్రోళ్లు మొదట చేసే పని ఏందంటే, సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) అనే ఉంచేస్తారు. పొద్దున ఏడింటికి కాటా వేస్తే బిల్లు మీద రాత్రి ఒకటిన్నర అని పడతాది. రైతు ఊరుకుంటాడా? అసలు జాంగో లోపలి డిఫాల్ట్ ఏందో తెలుసా, అమెరికా/చికాగో! కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి న్యూస్‌పేపర్ ఆఫీసులో పుట్టింది కాబట్టి వాళ్ల టైమ్ పెట్టుకున్నారు. స్టార్ట్‌ప్రాజెక్ట్ యూటీసీ రాసిస్తాది కాబట్టి మనకది కనపడదు.

రెండోది లక్షల కామాలు. 12,50,000 అని రావాల్సింది 1,250,000 అని వస్తాది. ఏ చెరువు రైతుకి చూపించినా "ఇదేం లెక్క" అంటాడు. మన పద్ధతిలో కామాలు పెట్టే ఏర్పాటు జాంగోలో లేక కాదు, ఉంది. నంబర్ గ్రూపింగ్‌కి (3, 2, 0) అని ఇవ్వొచ్చు. కానీ సెట్టింగ్స్‌లో పెడితే ఇంగ్లీషు లొకేల్‌లో (భాషని బట్టి ఉండే ఫార్మాట్లలో) ఉన్న 3 దాన్ని తొక్కేస్తాది. సొంతంగా ఫార్మాట్స్ ఫైల్ రాసి, ఫార్మాట్ మాడ్యూల్ పాత్‌లో చూపిస్తేనే మాట వింటాది. డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం ఉంది, లొకేల్‌దే పైచేయి అని. ఆ వాక్యం దొరికేలోపల సగం మంది అది బగ్ అని తేల్చేస్తారు.

కాన్సస్‌లోనో యూరప్‌లోనో కూర్చున్నోళ్లకి లక్ష కామా ఎందుకు గుర్తొస్తాది? అడగాల్సింది మనమే. కొత్తోడా పాతోడా అని కాదు, ఎక్కడోడు అడుగుతున్నాడన్నది కూడా చూడాలి.

సింగరాయకొండ_సైలెంట్

ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, ఈసారి ఒక మాట. కొత్తవాళ్లు ఏదన్నా అడిగితే "ముందు డాక్యుమెంటేషన్‌లో అచ్చుతప్పులు దిద్దు, తెలుగు అనువాదం చెయ్" అని అక్కడికి తోలేస్తారు. ఒక చిన్న లైబ్రరీకి (పేరు ఎందుకులెండి) ఒక ఎర్రర్ మెసేజ్ బాగోలేదని రాస్తే నాకొచ్చిన జవాబు కూడా అదే. పని మంచిదే, కాదనను. నేను అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు.

ల్యాబ్_మేడం_ఒంగోలు

సైలెంట్ గారు చెప్పింది నిజం. అనువాదం చేయమని నేను కూడా పిల్లలకి చెప్తుంటాను. జాంగో భాషల జాబితాలో తెలుగు ఉంది, చేయాల్సిన పనీ ఉంది. కానీ అది చేస్తేనే నోరెత్తాలి అనే షరతు పెట్టకూడదు.

కావలి_ఫైనలియర్

మాగుంట అన్నా, ఫోల్డర్ల సంగతి వదిలేస్తున్నా, ట్యుటోరియల్‌లో మార్చింది చూశాను. ఈమెయిల్ లాగిన్ మాత్రం ఎందుకు కుదరదో చెప్పండి. ఇప్పుడు ఏ యాప్ చూసినా ఫోన్ నంబరో ఈమెయిలో కదా.

మాగుంట_లేఅవుట్_రిమోట్

జాంగో ఇచ్చే యూజర్ మోడల్‌లో ఈమెయిల్ ఖాళీగా ఉండొచ్చు, ఒకే ఈమెయిల్ ఇద్దరికి కూడా ఉండొచ్చు. యునీక్ (ఒకరిది ఇంకొకరికి ఉండకూడదు) అన్న నిబంధన యూజర్‌నేమ్‌కే. రేపు ఈమెయిల్‌ని లాగిన్‌గా మార్చాలంటే దాన్ని యునీక్ చేయాలి. ఏళ్లుగా నడుస్తున్న సైట్లలో ఈమెయిల్ ఖాళీగా ఉన్న యూజర్లు ఎంతమంది ఉంటారో ఆలోచించు. ఆ మైగ్రేషన్ (డేటాబేస్‌ని మార్చే పని) అక్కడే ఆగిపోతుంది. మిగతా టేబుల్స్ ఎన్నో ఫారిన్ కీలతో (టేబుల్‌ని టేబుల్‌కి కలిపే లింకులతో) ఈ టేబుల్‌కే కట్టి ఉంటాయి. బయటి ప్యాకేజీలు యూజర్‌నేమ్ ఉంటుందని నమ్మి రాసి ఉంటాయి.

అందుకే కొత్త ప్రాజెక్టులో సొంత యూజర్ మోడల్ కావాలంటే మొదటి మైగ్రేట్ కంటే ముందే పెట్టుకో అని వాళ్ల డాక్యుమెంటేషనే చెప్తుంది. మధ్యలో మార్చడం నరకం.

ల్యాబ్_మేడం_ఒంగోలు

అక్కడే నాకు కోపం వస్తుంది. "మధ్యలో మార్చడం నరకం" అని తెలిసినప్పుడు, మొదలుపెట్టేవాడికి ఆ మాట మొదట్లోనే కనపడాలి కదా? ఆ సలహా ఆథెంటికేషన్ పేజీలో లోపలెక్కడో ఉంటుంది. స్టార్ట్‌ప్రాజెక్ట్ కొట్టినవాడు వెంటనే మైగ్రేట్ కొడతాడు. మోడల్ మార్చకండి, సరే. సెట్టింగ్స్ ఫైల్‌లో ఒక కామెంట్ పెడితే ఎవరి సైటు కూలుతుంది?

మాగుంట_లేఅవుట్_రిమోట్

కామెంట్ పెడితే ఏదీ కూలదు. దానికి ఒప్పుకుంటాను.

కావలి_ఫైనలియర్

నా రెండో పాయింట్ ఎవరూ ముట్టుకోలేదు. నో చేంజెస్ డిటెక్టెడ్.

ల్యాబ్_మేడం_ఒంగోలు

దాని గురించి నేను చెప్తాను బాబూ. నీ యాప్ ఫోల్డర్ నీ కళ్లెదుటే ఉంది కానీ జాంగో ఫోల్డర్లు వెతకదు. యాప్ పైథాన్ దారిలో ఎక్కడైనా ఉండొచ్చు. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో ఏం రాశావో దానికి తెలిసిన లోకం అంతే. దాని లెక్కలో నిజంగానే మార్పు లేదు. "ఇక్కడేదో చేర్చని యాప్ ఉన్నట్టుంది" అని ఊహించి చెప్పబోతే, కావాలనే చేర్చనివాళ్లకి కూడా అనవసరంగా చెప్తుంది. యాప్ పేరు కూడా కలిపి కొట్టి చూడు, ఆ పేరుతో ఇన్‌స్టాల్ చేసిన యాప్ లేదని స్పష్టంగా చెప్తుంది.

కావలి_ఫైనలియర్

అర్థమైంది మేడం. అయితే మేక్‌మైగ్రేషన్స్ దగ్గర కాదు, అంతకుముందే చెప్పొచ్చు కదా? స్టార్ట్‌యాప్ కమాండ్ పని అయిపోయాక ఏమీ అనకుండా ముగుస్తుంది. అక్కడ ఒక్క లైను, "దీన్ని ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చేర్చండి" అని వస్తే చాలు. ఎవరి కోడూ మారదు.

మాగుంట_లేఅవుట్_రిమోట్

కమాండ్ సక్రమంగా పనిచేస్తే నోరు మూసుకోవాలన్నది యూనిక్స్ కాలం నుంచి ఉన్న అలవాటు. అదీకాక ప్రాజెక్టు లేకుండా, బయట పంచుకోవడానికి విడిగా యాప్ చేసేవాళ్లు కూడా జాంగో-అడ్మిన్‌తో స్టార్ట్‌యాప్ కొడతారు. వాళ్లకి సెట్టింగ్సే ఉండవు, ఎందులో చేర్చాలి?

రొయ్యల_లెక్కలు

అన్నా, యూనిక్స్ అలవాటంటే ఎట్టా? 2025లో వచ్చిన 5.2లో షెల్ (కోడ్ కొట్టి అక్కడికక్కడే ఫలితం చూసే చోటు) తెరిచి చూడు. మోడల్స్ అన్నీ దానంతట అదే ఇంపోర్ట్ చేసుకుని, ఇన్ని ఆబ్జెక్టులు ఇంపోర్ట్ అయ్యాయి అని లైను కూడా వేస్తాది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ సుఖం కావాలంటే జాంగో-ఎక్స్‌టెన్షన్స్ అనే బయటి ప్యాకేజీ ఎక్కించుకుని షెల్_ప్లస్ వాడాల్సి వచ్చేది. షెల్ మాట్లాడొచ్చు గానీ స్టార్ట్‌యాప్ మాట్లాడకూడదా?

మాగుంట_లేఅవుట్_రిమోట్

షెల్ ముందు మనిషి కూర్చుంటాడు. స్టార్ట్‌యాప్‌ని స్క్రిప్టులు కూడా పిలుస్తాయి. అయినా సరే, ఇప్పటిదాకా ఇక్కడ వచ్చినవాటిలో ఇదొక్కటే పంపదగ్గదిగా ఉంది. పంపేముందు జాంగో వాళ్ల దగ్గర పాత టికెట్లు (ఇలా పంపిన వినతులు) వెతుకు తమ్ముడూ. ఇంత కనపడే విషయాన్ని ఎవరో ఒకరు ముందే అడిగి ఉంటారు. వద్దని మూసేసి ఉంటే ఎందుకు మూశారో చదువు, అదే కారణం ఇప్పటికీ నిలబడుతుందా చూడు. నిలబడితే పంపకు.

కావలి_ఫైనలియర్

వెతుకుతాను అన్నా. ఈలోపు డ్రాఫ్ట్ రాశాను, ఇంగ్లీషులో పెట్టేముందు తెలుగులో చూడండి:

"కొత్తగా జాంగో నేర్చుకునే అందరూ స్టార్ట్‌యాప్ తర్వాత ఇన్‌స్టాల్డ్ యాప్స్ మరిచిపోతారు. మేక్‌మైగ్రేషన్స్ ఇచ్చే సందేశం వల్ల కారణం తెలియదు. మేనేజ్.పీవై ద్వారా స్టార్ట్‌యాప్ నడిపినప్పుడు మాత్రం, చివర ఒక లైను గుర్తుచేస్తే బాగుంటుంది. జాంగో-అడ్మిన్‌తో విడిగా నడిపితే ఇది రానక్కర్లేదు."

ల్యాబ్_మేడం_ఒంగోలు

"అందరూ" తీసెయ్. నువ్వు ఏ కమాండ్ కొట్టావో, ఏం రావాలనుకున్నావో, ఏం వచ్చిందో వరసగా రాయి. మిగతాది చదివినవాళ్లకే అర్థమవుతుంది. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. చిన్న వాక్యాలు చాలు.

మాగుంట_లేఅవుట్_రిమోట్

వెర్బాసిటీ (కమాండ్ ఎంత మాట్లాడాలన్న ఆప్షన్) 0 ఇస్తే ఆ లైను రాకూడదని కూడా చేర్చు, స్క్రిప్టులవాళ్ల గొడవ తగ్గుతుంది. దానికి టెస్టు రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది. జాంగో సోర్సులో టెస్ట్స్ ఫోల్డర్‌లో అడ్మిన్_స్క్రిప్ట్స్ ఉంటుంది, స్టార్ట్‌యాప్ టెస్టులు అందులోనే. నిర్ణయం నా చేతిలో ఉంటే మాత్రం ఇప్పటికీ మూసేసేవాణ్ణే, అది వేరే సంగతి.

రొయ్యల_లెక్కలు

మూసేసినా పర్లా, పంపు అబ్బయా. లక్ష కామాల సంగతి నేను రాస్తున్నా, డాక్యుమెంటేషన్‌లో ఒక ఉదాహరణ చేర్చమని. మేడం, మీ ల్యాబ్‌లో ఎవరన్నా ఇంగ్లీషు దిద్దిపెడతారా?