వెమురాఫెనిబ్ ఇస్తే హెచ్‌సీటీ116లో ఫాస్ఫో-ఎర్క్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది, ఎందుకు?

ప్రశ్న (కణసంకేతం):
ఎ375 (మెలనోమా కణాలు, బిరాఫ్ ప్రొటీన్‌లో వి600ఇ మార్పు), హెచ్‌సీటీ116 (పెద్దపేగు క్యాన్సర్ కణాలు, కేరాస్ ప్రొటీన్‌లో జి13డి మార్పు) కణాలకు బిరాఫ్‌ను ఆపే మందు వెమురాఫెనిబ్ 1 మైక్రోమోలార్ గంటసేపు ఇచ్చి వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను బ్యాండ్లుగా చూపే పరీక్ష) చేశాను. ఎ375లో ఫాస్ఫో-ఎర్క్ (ఫాస్ఫేట్ చేరి చురుకైన ఎర్క్ ప్రొటీన్) దాదాపు మాయమైంది. హెచ్‌సీటీ116లో మాత్రం డీఎంఎస్ఓ (మందు లేకుండా ద్రావకం మాత్రమే ఇచ్చిన) లేన్ కంటే చిక్కటి బ్యాండ్ వచ్చింది. మొత్తం ఎర్క్ రెండింటిలోనూ సమానమే. పైగా డీఎంఎస్ఓ లేన్ ఒకసారి పలచగా, ఒకసారి గట్టిగా వస్తోంది. లేన్లు తారుమారయ్యాయా, లేక ఇది నిజమేనా?

జవాబు 1 (రాఫ్‌డైమర్):
పెరగడం నిజమేనండీ. 2010లో మూడు బృందాలు దాదాపు ఒకేసారి దీన్ని ప్రచురించాయి. సంకేతం రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రొటీన్ల వరుసలో సాగుతుంది; కేరాస్ ఒక రాస్, బిరాఫ్ ఒక రాఫ్. రాస్ చురుగ్గా ఉన్న కణంలో రాఫ్ అణువులు జతలుగా కూడతాయి. మందు ఆ జతలో ఒకదాన్ని పట్టుకుంటే, ఆ పట్టే రెండోదాన్ని చైతన్యపరుస్తుంది. అది మెక్‌ను, మెక్ ఎర్క్‌ను ఫాస్ఫోరైలేట్ చేస్తాయి. వి600ఇ అలా కాదు, జత లేకుండా ఒంటరిగానే పనిచేస్తుంది. అందుకే ఎ375లో మందు సూటిగా ఆపేసింది. వెమురాఫెనిబ్ వాడే రోగుల చర్మంపై వచ్చే స్క్వేమస్ సెల్ కార్సినోమాల్లో చాలావాటిలో రాస్ మార్పులు కనిపించడానికి కారణం కూడా ఇదే.

ఒక్క డోసుతో తేల్చకండి. 0, 0.03, 0.1, 0.3, 1, 3, 10 మైక్రోమోలార్ పెట్టండి, అన్ని వెల్స్‌లోనూ డీఎంఎస్ఓ 0.1 శాతమే ఉండాలి. ఫాస్ఫో-ఎర్క్ మొదట పైకెక్కి, పై డోసుల్లో దిగడం మొదలెట్టాలి. వెమురాఫెనిబ్ జతలోని రెండో అణువును అంత తేలిగ్గా పట్టదు కాబట్టి 10 దగ్గర కూడా పూర్తిగా పడిపోకపోతే కంగారు పడొద్దు. 1 మైక్రోమోలార్‌తో పాటు 20 నానోమోలార్ ట్రామెటినిబ్ (మెక్‌ను ఆపే మందు) ఇచ్చిన వెల్ ఒకటి ఉంచండి. అందులో ఫాస్ఫో-ఎర్క్ బ్యాండ్ పోవాలి. వెమురాఫెనిబ్ ఒక్కటే ఇచ్చిన లేన్‌లో ఫాస్ఫో-మెక్ కూడా పెరిగిందంటే, కారణం మెక్‌కు పైనే ఉందన్నమాట.

జవాబు 2 (బ్లాట్‌బల్ల):
డీఎంఎస్ఓ లేన్ సంగతి వేరు. మందు ఇచ్చేటప్పుడు మీడియం మార్చేస్తున్నారా? తాజా సీరం తగిలితే చాలు, నిమిషాల్లో ఎర్క్ లేస్తుంది. వెల్‌లో 1.8 మి.లీ. పాత మీడియం అలాగే ఉంచి, పది రెట్లు గాఢంగా కలిపిన మందు 0.2 మి.లీ. మెల్లగా వదలండి. డీఎంఎస్ఓ వెల్‌కూ అంతే.

ఆపేటప్పుడు ప్లేట్ తిన్నగా ఐస్ మీదికి రావాలి. చల్లటి పీబీఎస్ (ఉప్పు బఫర్)తో ఒక్కసారి కడిగి, వెంటనే లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం) పోయండి. ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్‌లు, అంటే ఫాస్ఫటేజ్‌లు, ఆగడానికి అందులో ఇవి ఉండాలి: 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 10 మిల్లీమోలార్ బీటా-గ్లిసరోఫాస్ఫేట్, 1 మిల్లీమోలార్ ఆర్థోవనడేట్. ఆ వనడేట్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 200 మిల్లీమోలార్ ద్రావణం పసుపుగా ఉంటే అది డెకావనడేట్, టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను సరిగా ఆపదు. పీహెచ్ 10కి తెచ్చి మరిగించండి, రంగు పోతుంది; చల్లారాక మళ్లీ పీహెచ్ చూసి సరిచేయండి. పీహెచ్ 10 దగ్గర నిలబడి, రంగు తిరిగి రాకుండా ఉండేదాకా ఇలాగే. బఫర్‌లో ఈడీటీఏ, డీటీటీ ఉంటే అంత కష్టమూ వృథా, రెండూ వనడేట్‌ను పనికిరాకుండా చేస్తాయి.

లేన్‌కు 20 మైక్రోగ్రాములు, 10 శాతం జెల్. 44, 42 కిలోడాల్టన్ల బ్యాండ్లు విడిపోయేదాకా నడపండి. బ్లాకింగ్‌కు పాలపొడి కాకుండా టీబీఎస్‌టీ (కడిగే బఫర్)లో 5 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) వాడండి, పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫోప్రొటీనే. రెండు కణజాతులూ ఒకే మెంబ్రేన్ మీద ఉండాలి, ఎక్స్‌పోజర్లు మూడు నాలుగు తీయాలి. నల్లగా నిండిపోయిన బ్యాండ్‌ను కొలిచి లాభం లేదు.

కణసంకేతం:
మీడియం మారుస్తున్న మాట నిజమే, వనడేట్ కూడా పసుపుగానే ఉంది. ఇంకో సందేహం: 24 గంటల తర్వాత ఎ375లోనూ బ్యాండ్ కొద్దిగా తిరిగొస్తోంది. మందు చెడిపోతోందా?

జవాబు 3 (రాఫ్‌డైమర్):
చాలావరకు మందు తప్పు కాదు. ఎర్క్ గట్టిగా ఉన్నంతకాలం స్ప్రౌటీ, డస్ప్6 లాంటి ప్రొటీన్లను తయారుచేయించి తన దారికి తానే కళ్లెం వేసుకుంటుంది, రాస్ అణిగి ఉంటుంది. ఎర్క్ ఆగాక ఆ కళ్లెం ఊడిపోతుంది. రాస్ లేస్తుంది, రాఫ్ జతలు పుడతాయి, మీ హెచ్‌సీటీ116 కథే ఎ375లో చిన్న మోతాదులో మొదలవుతుంది. 1, 6, 24, 48 గంటలకు లైసేట్లు తీయండి. 24, 48 దగ్గర అదనంగా ఒక్కో వెల్ ఉంచి, లైసిస్‌కు గంట ముందు తాజా మందు మళ్లీ ఇవ్వండి. అప్పుడు బ్యాండ్ పోతే పాత మందు బలం తగ్గింది. పోకపోతే దారి తిరిగి తెరుచుకుంది. అలాంటిదే మరో వెల్ ఉంచి, అందులో ట్రామెటినిబ్ కూడా పెట్టి చూడండి.