వార్షికోత్సవం పోస్టుల షీట్: వాలంటీర్లందరూ ఒకసారి తెరిచి చూడండి

పబ్లిసిటీ:
అందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఇంకా 6 వారాలే ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, సభ్యులకు వెళ్లే మెయిల్, వాట్సాప్ మెసేజీలు అన్నీ ఒకే గూగుల్ షీట్‌లో పెట్టాను. లింక్ గ్రూప్ డిస్క్రిప్షన్‌లో ఉంది. తెరవకుండా ఇక్కడ బొటనవేలు గుర్తు పెట్టి వెళ్లిపోకండి, ప్లీజ్.

పోయినసారి ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హాల్ మారింది, పాత హాల్ పేరున్న పోస్టర్ మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు రోజులు అలాగే ఉండిపోయింది. డిజైన్ వాళ్లు మార్చేసి ఉంటారని నేను, కొత్త అడ్రస్ నేను పంపుతానని వాళ్లు. అప్పుడూ షీట్ ఉంది. 19 కాలమ్స్‌తో ఘనంగా ఉంది. హ్యాష్‌ట్యాగ్‌కి ఒకటి, రీచ్‌కి ఒకటి, "థీమ్" అని ఒకటి (అందులో ఏం రాయాలో నాకే తెలీదు). నింపే ఓపిక లేక రెండో వారానికే అందరూ వదిలేశారు. ఆ షీట్ తయారుచేసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

ఈసారి ఏడే కాలమ్స్: తేదీ, ఎక్కడ పెడతాం, విషయం, రాత, బొమ్మ లేదా వీడియో లింక్, ఎవరి చేతిలో ఉంది, ఏ దశలో ఉంది.

వీటిలో నాకు ముఖ్యమైనది ఆరోది. "ఎవరి చేతిలో ఉంది" దగ్గర టీమ్ పేరు రాయొద్దు. ఒక్క మనిషి పేరే ఉండాలి. రెండు పేర్లున్నాయంటే ఇద్దరూ రెండోవాళ్లు చూసుకుంటారులే అనుకుంటారు. మీ పని అవగానే మీ పేరు తీసేసి తర్వాత చేయాల్సినవాళ్ల పేరు పెట్టండి, వాళ్లకి ఒక్క మెసేజ్ కొట్టండి. తేదీ తప్పితే ఇంకోరోజు పెట్టుకోవచ్చు. ఎవరి దగ్గర ఆగిందో తెలియకపోతేనే అందరికీ ఫోన్లు చేస్తూ కూర్చోవాలి.

దశలు నాలుగు: రాస్తున్నాం, చూడాలి, సిద్ధం, పెట్టేశాం. డ్రాప్‌డౌన్ ఇచ్చాను, అందులోంచే ఎంచుకోండి. చేత్తో రాస్తే ఒకరు "అయింది", ఇంకొకరు "డన్", మరొకరు "ఓకే" అంటారు, ఫిల్టర్‌కి ఏదీ దొరకదు. ఇక్కడ విదేశంలోనే పుట్టి పెరిగిన మన యూత్ వాలంటీర్లలో కొందరికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఒక్కో దశకి ఒక్కో రంగు ఇచ్చాను. తేదీ దాటినా "పెట్టేశాం" అని లేకపోతే వరస మొత్తం ఎర్రబడుతుంది. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. తేదీ మార్చినా ఎరుపు పోతుంది, కాకపోతే ఎందుకు మార్చారో సెల్ మీద కామెంట్ పెట్టండి.

సాంస్కృతిక విభాగం:
బాగుందండీ. కానీ మా దగ్గర ఐటమ్స్ షీట్ ఒకటి ఇప్పటికే ఉంది. అదంతా మళ్లీ ఇందులో ఎక్కించాలా? పిల్లల పేర్లు, గురువుల పేర్లు, పాటలు… రోజుకో మార్పు వస్తుంది.

పబ్లిసిటీ:
అక్కర్లేదు అక్కా. ఒకే సమాచారం రెండు చోట్ల ఉంటే ఒకచోట పాతబడిపోవడం ఖాయం. ఇందులో "పిల్లల నృత్యాలు, మొదటి పరిచయం" అని ఒక్క వరస పెట్టి మీ షీట్ లింక్ ఇవ్వండి చాలు. ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి. పిల్లల ఫోటోకి తల్లిదండ్రులు సరేనన్నాకే దాని లింక్ ఇందులోకి రావాలి. లింక్ ఉందంటే అనుమతి ఉన్నట్టే మేము తీసుకుంటాం.

డిజైన్:
మా తరఫున మూడు విన్నపాలు. మొదటిది, రాతని స్క్రీన్‌షాట్ తీసి పంపొద్దు. సెల్‌లోనే యూనికోడ్ తెలుగులో టైప్ చేయండి, దాని కిందే ఇంగ్లిష్ కూడా. పోయినసారి ఒకరు యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసిన ఫైల్ ఇచ్చారు. అతికిస్తే అక్షరాలకు బదులు ఏవో గుర్తులు వచ్చాయి. అర్ధరాత్రి మొత్తం మళ్లీ టైప్ చేసుకున్నాను.

రెండోది, "చూడాలి" దశలో రాతని చూసి ఊరుకోవద్దు, తయారైన పోస్టర్‌ని చూడండి. సెల్‌లో సరిగ్గా ఉన్న తెలుగు కూడా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ సరిగ్గా లేకపోతే ఒత్తులు విడిపోయి వస్తుంది. "ఆహ్వానం" కాస్తా "ఆహ్‌వానం" అయిన సంగతి మర్చిపోలేదు కదా? దాన్ని నలుగురం చూశాం, నలుగురమూ చూసింది షీట్‌లో రాతనే.

మూడోది సైజులు. ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్‌కి నేను 1080 × 1350 చేస్తాను, స్టోరీకి, రీల్‌కి 1080 × 1920, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కి 1280 × 720. కాబట్టి "అన్నిచోట్లా" అని ఒకే వరసలో రాయకండి. విషయం ఒకటే అయినా చోటు మారితే ఇంకో వరస.

రిజిస్ట్రేషన్:
తేదీల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకుందాం. 03/04 అని కనిపిస్తే మనలో సగం మంది మార్చి 4 అనుకుంటారు, మిగతా సగం ఏప్రిల్ 3. షీట్ కూడా దాని లొకేల్ (ఏ దేశం పద్ధతి) సెట్టింగ్‌ని బట్టి ఏదో ఒకటి అనుకుంటుంది. నెల పేరు అక్షరాల్లో కనిపించేలా ఫార్మాట్ మార్చాను, అలాగే ఉంచండి.

టైమ్ అంటే ఎప్పుడూ ఇక్కడి టైమే. వీడియోలు ఎడిట్ చేసే మన పాత సభ్యుడు ఇప్పుడు ఇండియాలో ఉంటున్నాడు. ఇక్కడ వేసవి వేళల కోసం గడియారాలు గంట ముందుకు జరిపినా అక్కడ మారవు కదా, ఆ వారం రీల్ గంట లేటుగా వచ్చిందని అతని మీద విసుక్కున్నాం పాపం. అతను తన లెక్క ప్రకారం సరిగ్గానే పంపాడు.

ఇంకో మాట. ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్ కింద రాతలో లింక్ పెడితే నొక్కినా తెరుచుకోదు. ఫామ్ లింక్ బయోలోనో స్టోరీలోనో ఇద్దాం. లైక్స్‌కి కూడా ఒక కాలమ్ ఉంటే బాగుంటుందేమో?

పబ్లిసిటీ:
లైక్స్ వద్దండీ. ఎనిమిదో కాలమ్ వచ్చిందంటే పంతొమ్మిదోది కూడా వస్తుంది, నాకు అనుభవమే. మీ ఫామ్‌లో "మీకు ఎలా తెలిసింది?" అని ఒక ప్రశ్న కలపండి. ఏ వారం ఎన్ని రిజిస్ట్రేషన్లు వచ్చాయో రెండో ట్యాబ్‌లో వేద్దాం. హాల్‌కి వచ్చేవాళ్ల లెక్క మనకి అందులోనే తెలుస్తుంది.

కోశాధికారి:
డబ్బు పెట్టి బూస్ట్ చేసే పోస్టులేమైనా ఉంటే ముందు నాతో చెప్పండి. పెట్టేశాక బిల్లు పంపొద్దు.

కొత్త వాలంటీర్:
నమస్తే అండీ, నేను ఈ నెలే చేరాను. ఫోన్‌లో తెరిచాను, పొరపాటున ఏదైనా తుడిచేస్తే ఎలా?

పబ్లిసిటీ:
ఏం భయం లేదమ్మా. వెర్షన్ హిస్టరీలో పాతది దొరుకుతుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. పై వరసని లాక్ చేశాను కూడా. అందరికీ చెప్తున్నాను, మీ పనులే చూసుకోవాలంటే లాప్‌టాప్‌లో ఫిల్టర్ వ్యూ పెట్టుకోండి, అది ఇతరుల స్క్రీన్ మీద ఏమీ మార్చదు. మామూలు ఫిల్టర్ పెట్టినా, సార్ట్ చేసినా అందరికీ అలాగే మారిపోతుంది. ఎవరైనా పని చేస్తుండగా వరసలు కళ్ల ముందే ఎగిరిపోతాయి. సెల్స్ కలపడం కూడా వద్దు, తర్వాత సార్టింగ్ మొరాయిస్తుంది.

కొత్త వాలంటీర్:
సరేనండీ. 21వ వరసలో పేరు ఖాళీగా ఉంది. స్పాన్సర్లకు కృతజ్ఞతల పోస్ట్.

డిజైన్:
లోగోలు వస్తే నేను ఒక పూటలో చేసేస్తాను. లిస్ట్ ఇంకా రాలేదు.

పబ్లిసిటీ:
లిస్ట్ కోశాధికారి గారు ఇవ్వాలి కదా.

కోశాధికారి:
ఇద్దరు ఇంకా ఖరారు కాలేదు. ఆదివారానికి ఇస్తాను. నా పేరే పెట్టమ్మా.

కొత్త వాలంటీర్:
పెట్టానండీ. తేదీ మంగళవారానికి మార్చి, ఎందుకో కామెంట్ కూడా రాశాను.