లిల్లీ దుంపలు ఏటా తవ్వాలా, మూడేళ్లు కదపకుండా ఉంచాలా?

మిద్దెతోట_బెజవాడ: సత్యనారాయణపురంలో మా డాబా మీద 12 అంగుళాల కుండీల్లో నేల సంపెంగ పెట్టా, అదే లిల్లీ. నిరుడు పొద్దుగూకితే చాలు మెట్ల దాకా వాసన. ఈ ఏడు ఆకు గుబురుగా ఉంది గానీ కాడ ఒక్కటే లేచింది. నర్సరీ అతను కదపొద్దన్నాడు, మా పిన్నేమో తవ్వమంటోంది.

గుంటూరు_మాస్టారు: తవ్వండమ్మా. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, పక్కన పుట్టిన పిల్లలే పూయాలి, కుండీలో అవి ఒకదాన్నొకటి నొక్కుకుని ఊరవు. ఆకు పండాక నీళ్లాపి, తీసి, నీడన ఆరబెట్టి, రెండు సెంటీమీటర్ల పైన లావున్నవి విడిగా నాటండి. మూడేళ్లు వదిలేసేవాళ్లది ఒట్టి బద్ధకం.

మంగళగిరి_పూలరైతు: బద్ధకం ఏంటండీ? ఎకరానికి 60 వేల పైన దుంపలు పడతాయి, ఏటా తవ్వడానికి కూలీలని మీరు పంపిస్తారా? ఒకసారి నాటితే మూడేళ్లు కోస్తాం. ఈవిడ యూరియా వేసుంటారు, నత్రజని ఎక్కువైతే అంతా ఆకే.

మిద్దెతోట_బెజవాడ: యూరియా వెయ్యలేదండి, పేడ ఎరువే.

మాస్టారు: చూశారా! కుండీ సంగతి అడిగితే ఎకరం లెక్క చెప్తారు. మూడేళ్లు కదపని మడిలో వేళ్లని పట్టే నులిపురుగులు (నెమటోడ్లు) పేరుకుంటాయి. ఒక రైతు దగ్గర అలాంటి దుంపలే కొన్నా, వేళ్ల నిండా బుడిపెలు, డబ్బులడిగితే ఫోనెత్తలా.

తెనాలి_చెల్లి: పూలు ఒంటి వరస రేకుల సింగిలా, ముద్దగా పూసే డబులా? డబుల్‌కి వాసన తక్కువే.

పూలరైతు: ఎవడో మోసం చేస్తే రైతులందరినీ అంటారా? బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల శృంగార్ రకం ఆ నులిపురుగుని తట్టుకుంటుంది, తెలుసా మీకు?

మాస్టారు: రకం పేరు చెప్తే సరిపోదు, పంట మార్చాలి. భూమి మీద ప్రేమ ఉంటే అదే మడిని అలా పీల్చరు.

పూలరైతు: ప్రేమ సంగతి మీరు చెప్పొద్దు. నాది కౌలు చేను. మొదటి ఏడు దుంపలకీ దుక్కికీ కూలికీ పెట్టింది తర్వాతి రెండేళ్ల పూలల్లోనే తిరిగి రావాలి. ఏడాది కాగానే చేనాయన ఖాళీ చెయ్యమన్నాడు, శ్రావణమాసం ముందు, మొగ్గ కట్టిన కాడలతో సహా తవ్వి ట్రాక్టర్లో వేసుకొచ్చా. మీరు ఊరికే తవ్వెయ్ తవ్వెయ్ అంటుంటే నాకెలా ఉంటుంది?

తాడేపల్లి_రాజు: కౌలు కార్డు లేదా అన్నా?

పూలరైతు: 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే తమ్ముడూ. వరికైతే సరే, లిల్లీకి మూడేళ్లు కావాలి. అందుకే పూల కౌలుకి కాగితం వేరే ఉండాలని మొత్తుకుంటున్నా.

మాస్టారు: ఆ ముక్క మొదటే చెప్పాల్సింది. 11 నెలలు అన్యాయమే, ఒప్పుకుంటా. కుండీ విషయంలో మాత్రం నా మాట నాదే.

మిద్దెతోట_బెజవాడ: ఒక కుండీ బోర్లించా. మట్టి కంటే దుంపలే ఎక్కువున్నాయి, చాలావరకు చిటికెన వేలి గోరంతవే. ఈ చిన్నవి పారేయాలా?

పూలరైతు: పారేయకమ్మా. ఇసుక కలిపిన మట్టిలో పెట్టు, నీళ్లు నిలవనీకు, ఎండ బాగా తగలాలి. ఊరాక పూస్తాయి.