కష్టం వచ్చాకే దేవుణ్ణి ఆశ్రయించినవాడికి శరణు దొరుకుతుందా?

ప్రశ్న: విశ్రాంత ఉద్యోగి, కడప
మా ఇంటావిడకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఆమెను కోడలికి అప్పగించి, దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామి సన్నిధికి వెళ్లి కాసేపు కూర్చుని వస్తున్నాను. అక్కడ ఉన్నంతసేపు ఏ దిగులూ ఉండదు. ఇంటికి వచ్చి మంచం చూడగానే అంతా మళ్లీ మీద పడుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పండుగలకు తప్ప గుడి ముఖం చూడనివాణ్ణి కాబట్టి, ఇప్పుడు చేస్తున్నది భక్తేనా, బాధ నుంచి తప్పించుకోవడమా, నాలాంటివాడికి శరణు కోరే అర్హత ఉందా అన్న సందేహం పీడిస్తోంది. పెద్దలు చెప్పగలరు.

సమాధానం: రాజంపేట పాఠకుడు
గీత ఏడవ అధ్యాయం 16వ శ్లోకంలో తనను భజించేవారిని నాలుగు రకాలుగా చెబుతూ కృష్ణుడు ఆర్తుణ్ణే, అంటే కష్టంలో ఉండి మొరపెట్టుకునేవాణ్ణే, మొదట పేర్కొన్నాడు. 18వ శ్లోకంలో జ్ఞానిని తన ఆత్మగా భావిస్తానన్నా, నలుగురూ ఉదారులేనని, అంటే ఉత్తములేనని కూడా అన్నాడు. కనుక అర్హత గురించి మీరు బెంగపడనక్కరలేదు.

సమాధానం: తెలుగు పండితుడు, ప్రొద్దుటూరు
అయ్యా, పోతన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అన్న తగవు ఇక్కడ తేలేది కాదు గానీ, ఆయన తెలిగించిన గజేంద్రమోక్షం మీ సందేహానికి చాలా దగ్గరగా ఉంది. ఏనుగు మొసలికి చిక్కిన మరుక్షణమే దేవుణ్ణి పిలవలేదు. వేయి సంవత్సరాలు తన బలాన్ని నమ్ముకుని పెనుగులాడి, ఇక తన వల్ల కాదని తేలాకే పిలిచింది. అప్పుడైనా నిస్సంశయంగా పిలిచిందా అంటే అదీ లేదు. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడింది. బలం ఉడిగింది, ధైర్యం సడలింది, నీవు తప్ప వేరే దిక్కు తెలియదన్న మొర ఆ తరువాతనే వస్తుంది. లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలైనా ధరించకుండా విష్ణువు పరుగున బయలుదేరింది ఆలస్యంగా, అనుమానంతో పిలిచిన ఆ ప్రాణి కోసమే. శ్రీవైష్ణవులు శరణాగతికి చెప్పే ఆరు అంగాలలో తన అశక్తతను ఒప్పుకోవడం కూడా ఒకటి. దానిని కార్పణ్యం అంటారు. ఆ పని మీరు ఇప్పటికే చేశారు.

సమాధానం: ఒక గృహిణి, కడప
పెద్దలిద్దరూ అర్హత గురించే చెప్పారు గానీ, ఇంటికి రాగానే నెమ్మది ఎందుకు పోతున్నదో చెప్పలేదు. మాది ముస్లిం కుటుంబం; వేంకటేశ్వరస్వామి దేవేరిగా చెప్పే బీబీ నాంచారమ్మను మా ఆడపడుచుగా భావిస్తాం కనుక ఉగాదినాడు దేవుని కడపకు రావడం మా ఇంటి ఆనవాయితీ. మంచం పట్టిన మా అత్తగారికి సేవ చేస్తూ ఆమె పక్కనే చాప పరచి నమాజు చదువుకుంటాను. లేవలేనివారు పడుకునే సైగలతో చదవవచ్చు కాబట్టి ఆమె కూడా నాతోపాటే చదువుతుంది. బాబాయ్ గారూ, మీ మాటల్లో దేవుడు గుడిలోనూ పిన్నిగారు ఇంట్లోనూ ఉన్నారు. దేవుడి దగ్గర కూర్చోవాలని ఆమెకు కూడా ఉందేమో, ఎప్పుడైనా అడిగారా?

ప్రశ్న వేసినవారు
అడగలేదమ్మా. ఆమెకు మాట స్పష్టంగా రాదు గానీ మనం చెప్పింది అర్థమవుతుంది. ఈ రోజు సంధ్యాదీపం ఆమె గదిలోనే పెట్టమని కోడలికి చెప్పాను. నేను కూడా అక్కడే కూర్చుంటాను. దేవుని కడప గుడిలో చక్రాల కుర్చీని ఎంతవరకు రానిస్తారో తెలిసినవారు దయచేసి చెప్పండి.